ఆట మన కోసం ఎంతసేపు ఆగుతుంది? ఆర్పీజీల్లో వేగానికీ ఆలోచనకూ నడిచిన పేచీ

 ఇక్కడ మనం ఎక్కువగా స్కాలర్‌షిప్పులు, నోటిఫికేషన్లు, మన పెద్దల పోరాటాల గురించి రాసుకుంటాం. ఈసారి వీడియో గేముల చరిత్ర రాస్తున్నాం. "చదువుకోమని పంపిస్తే ఆటల మీద పోస్టులా" అని తిట్టుకోకుండా కొంచెం ఓపికగా చదవండి. పైకి ఇది ఆటల సంగతే గానీ, అసలు విషయం టైం. టైం విషయంలో మన పిల్లల్లో చాలామందికి ఒక బాధ ఉంది. అక్కడికి చివర్లో వస్తాం.

మా హాస్టల్లో ఒక పంచాయితీ ఎప్పుడూ నడుస్తుంటది. సగం మంది ఏమంటారంటే, ఆటంటే చెయ్యి వేగం, కన్ను వేగం, వంతు కోసం కూర్చునేది ఆటెట్లా అయితది అని. మిగతా సగం ఏమంటారంటే, బటన్లు టపటపా కొట్టడంలో తెలివేముంది, ఆలోచించి కొట్టేదే ఆట అని. ఈ గొడవ మా దగ్గర పుట్టింది కాదు. రోల్ ప్లేయింగ్ గేములు, అంటే ఆర్పీజీలు, పుట్టినప్పటి నుంచీ వాటిని తయారు చేసేవాళ్ళ మధ్యే ఇది నడుస్తున్నది. 50 ఏళ్లు దాటింది.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఆర్పీజీలో మనం ఒక పాత్రను, లేదా నలుగురైదుగురి గుంపును నడిపిస్తాం. మొదట్లో బలహీనంగా ఉంటారు. తిరిగేకొద్దీ, పోరాడేకొద్దీ అనుభవం వస్తది, లెవెల్ పెరుగుతది, కొత్త మంత్రాలు, ఆయుధాలు దొరుకుతాయి. కథ ఉంటది. పోరాటంలో ఏ ఆయుధం, ఏ మంత్రం, ఎవరి మీద, ఎప్పుడు అనేది మనం తేల్చుకోవాలి. ఆ తేల్చుకునేటప్పుడు శత్రువు ఆగి ఉంటాడా, ఆగడా? పేచీ అంతా అక్కడే.

బల్ల మీద మొదలైంది

కంప్యూటర్ కంటే ముందు ఈ ఆటల మూలం సైన్యంలో ఉంది. 1824లో ప్రష్యా సైన్యంలోని రైస్విట్స్ అనే లెఫ్టినెంట్ ఒక యుద్ధపు ఆటకు రూల్స్ పుస్తకం వేశాడు. దాని పేరు క్రీగ్‌ష్పీల్. మ్యాపు మీద దిమ్మలు జరుపుతారు, పాచికలు వేస్తారు, మధ్యలో అంపైర్ ఉంటాడు. అందులో ఒక వంతు అంటే నిజమైన యుద్ధంలో రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల్లో గుర్రం ఎంత దూరం పోగలదో అంతే జరపాలి. కానీ ఆ రెండు నిమిషాల లెక్క తేల్చడానికి బల్ల దగ్గర చాలాసేపు పట్టేది. పట్టికలు చూడాలి, నష్టం కూడాలి. అందుకని 1876లో వెర్దీ దు వెర్నువా అనే అధికారి, ఇన్ని పట్టికలు వద్దు, అనుభవం ఉన్న అంపైర్ చెప్పిందే ఫలితం అనే పద్ధతిని ముందుకు తెచ్చాడు. ఆటను వేగంగా నడపాలి, కానీ అర్థం లేని వేగం కాకూడదు అనే తగువు అప్పటికే ఉందన్నమాట.

అలాంటి యుద్ధపు బల్లల నుంచే 1974లో అమెరికాలో డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేశారు. సైన్యం బదులు ఒక్కొక్కరికి ఒక్కో మనిషి. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు "నేనిది చేస్తా" అని చెప్పి పాచిక వేస్తారు. దాని తర్వాతి అడ్వాన్స్‌డ్ రూల్స్‌లో పోరాటపు ఒక రౌండ్ అంటే ఒక నిమిషం. 2000లో వచ్చిన మూడో ఎడిషన్‌కి అదే రౌండ్ 6 సెకన్లు అయ్యింది. ఆట లోపలి గడియారం అట్లా చిన్నదైంది గానీ, బల్ల దగ్గర మనిషి ఆలోచించుకునే టైంని ఏ రూలూ కోయలేదు. పక్కనోళ్ళు విసుక్కునేదాకా ఆలోచించుకోవచ్చు.

మనకు ఇది కొత్త కాదు. మన ఊళ్లల్లో బండ మీద బొగ్గుతో గీసుకుని ఆడే మేక-పులి ఆటను గుర్తు చేసుకోండి. మూడు పులులు, పదిహేను మేకలు. ఒకరి తర్వాత ఒకరు. పులికి బలం, మేకలకు సంఖ్య. ముసలాయన ఒక్క మేకను జరపడానికి చుట్ట సగం కాలేదాకా చూస్తూ కూర్చున్నా ఎవరూ "ఈయనకు రాదు" అనరు. "ఏదో పన్నుతున్నాడు" అంటారు. దాన్ని గుర్తు పెట్టుకోండి, పనికొస్తది.

కంప్యూటర్ కూడా మొదట ఆగింది

1980 ప్రాంతంలో కాలిఫోర్నియా యూనివర్సిటీ స్టూడెంట్లు మైకేల్ టాయ్, గ్లెన్ విక్‌మన్ రోగ్ అనే ఆట రాశారు. బొమ్మలు లేవు, అక్షరాలే. మన మనిషి ఒక గుర్తు, రాక్షసులు ఇంగ్లీషు అక్షరాలు. మనం ఒక మీట నొక్కితే ఒక అడుగు, అప్పుడే రాక్షసి కూడా ఒక అడుగు. మనం నొక్కకుండా భోజనానికి పోయి వస్తే, తిరిగొచ్చేదాకా రాక్షసి అట్లాగే నిలబడి ఉంటది.

అయితే ఇందులో ఒక చిన్న తెలివైన పని ఉంది. వేసే ప్రతి అడుగుకూ మన మనిషికి ఆకలి పెరుగుతది. తిండి అయిపోతే చస్తాడు. అంటే కుర్చీలో కూర్చుని ఎంతసేపు ఆలోచించినా ఫ్రీ, కానీ ఆటలో ఊరికే తిరిగితే ఖర్చు. ఆలోచనకు టైం ఇస్తూనే సాగదీతను ఆపారు. ఈ పోస్టులో మేం చూసే అన్ని ఆటల్లోనూ ఈ ఒక్క ప్రశ్నే పట్టుకుని చూడండి: ఆగితే ఏం పోతది?

1981లో కార్నెల్ యూనివర్సిటీ స్టూడెంట్లు ఆండ్రూ గ్రీన్‌బర్గ్, రాబర్ట్ వుడ్‌హెడ్ విజార్డ్రీ తెచ్చారు. ఆరుగురి గుంపు, ఒక్కొక్కరికీ ఆజ్ఞ ఇవ్వాలి, తర్వాత అందరూ ఒకేసారి పోరాడతారు. అదే ఏడాది రిచర్డ్ గ్యారియట్ చేసిన అల్టిమా వచ్చింది. ఈ రెండూ చూసి ముచ్చటపడిన జపాన్ ఆయన యూజి హోరీ 1986లో డ్రాగన్ క్వెస్ట్ చేశాడు. తెర మీద నాలుగు మాటల మెనూ: కొట్టు, మంత్రం, పారిపో, వస్తువు వాడు. చేతి వేగం లేనివాళ్ళు కూడా కొంచెం ఎక్కువ తిరిగి లెవెల్ పెంచుకుంటే ముగించగలరు. జపాన్‌లో ఇంటింటికీ ఆర్పీజీని తీసుకుపోయింది ఇదే. మరుసటి ఏడాది, 1987లో, ఫైనల్ ఫాంటసీ కూడా ఈ దారిలోనే వచ్చింది.

ఆగని ఆటలు

ఈ ఆగే ఆటల పక్కనే వేరే దారి కూడా మొదలైంది. 1987లో ఎఫ్‌టీఎల్ అనే చిన్న కంపెనీ అటారీ ఎస్‌టీ కంప్యూటర్ మీద డంజన్ మాస్టర్ తెచ్చింది. నలుగురి గుంపు, గళ్ళ నేలమాళిగ, చూడ్డానికి విజార్డ్రీ లాగే ఉంటది. తేడా ఏంటంటే ఇందులో రాక్షసి ఆగదు. మంత్రం వేయాలంటే గుర్తులను ఒకదాని తర్వాత ఒకటి నొక్కాలి. నొక్కుతుండగానే అది మన మీదికి వస్తుంటది. మంత్రం తెలిసి ఉండటం వేరు, భయంలో ఆ మంత్రం సరిగ్గా వేయగలగడం వేరు అని ఈ ఆట చూపించింది.

అదే 1987లో జపాన్‌లో ఫాల్కామ్ కంపెనీ ఈస్ తెచ్చింది. ఇందులో కొట్టే బటనే లేదు. శత్రువులోకి నడిచి గుద్దాలి. ఎదురుగా గుద్దితే మనకూ దెబ్బ, కొంచెం పక్కకు జరిగి గుద్దితే దెబ్బ వాడికే. వేగమైన ఆటే. కానీ బయట మైదానంలో కదలకుండా నిలబడితే ఒంట్లో బలం మెల్లగా తిరిగొస్తది. ఆగడానికి ఇక్కడ లాభం ఇచ్చారు.

1991: వంతులోకి గడియారం దూరింది

ఈ రెండు దారులను కలపాలని గట్టిగా చూసింది ఫైనల్ ఫాంటసీ 4. ఇది 1991లో వచ్చింది. పోరాటం పద్ధతిని తయారు చేసిన హిరోయుకి ఇటో, ఫార్ములా వన్ కారు రేసు చూస్తుండగా ఈ ఆలోచన వచ్చిందని చెప్పాడు. కార్లన్నీ ఒకే దారిలో పోతాయి, కానీ ఒక్కోదాని వేగం ఒక్కోటి, అందుకే ఒకటి ఇంకోదాన్ని దాటుతది. అట్లాగే పోరాటంలో ఒక్కో పాత్రకూ తన వేగాన్ని బట్టి వంతు వస్తది. దొంగకు తొందరగా, బరువు కవచం వాడికి ఆలస్యంగా. దీనికి యాక్టివ్ టైమ్ బ్యాటిల్ అని పేరు పెట్టారు. తర్వాతి ఏడాది ఐదో భాగంలో ఆ వంతు ఎంత నిండిందో చూపించే గీత తెర మీదకు వచ్చింది.

మనం మెనూలో వెతుకుతుంటే శత్రువు కొట్టేస్తాడు. దాంతో ఆలోచనకు ఒక ధర వచ్చింది. కానీ ఈ పద్ధతి వాడిన ఆటల్లో సెట్టింగ్స్‌లో రెండు మాటలు ఇచ్చారు: యాక్టివ్, వెయిట్. వెయిట్ పెట్టుకుంటే మంత్రాల, వస్తువుల జాబితా తెరిచినంతసేపూ కాలం ఆగుతది. చూడ్డానికి చిన్న సెట్టింగే. మాకు మాత్రం ఇది పెద్ద విషయంగా అనిపించింది. ఆడేవాళ్ళందరి బుర్రా ఒకే వేగంతో చదవదని ఒప్పుకుని, దాన్ని తప్పుగా చూడకుండా ఒక గడి ఇచ్చారు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం

ఇప్పుడు అందరికీ తెలిసిన డయాబ్లో. 1996 చివరి రోజుల్లో అమ్మకానికి వచ్చింది, 1997లో ఊపందుకుంది. దీన్ని చేసిన డేవిడ్ బ్రెవిక్‌కి రోగ్ లాంటి ఆటలంటే ఇష్టం, అందుకని మొదట వంతుల ఆటగానే మొదలుపెట్టాడు. బ్లిజార్డ్ వాళ్ళు దీన్ని ఆగకుండా నడిచే ఆటగా మార్చమన్నారు. బ్రెవిక్ ఒప్పుకోలేదు. చివరికి టీంలో ఓటు పెడితే మార్చడానికే ఎక్కువ ఓట్లు వచ్చాయి. చాలా రోజులు పడుతుందని చెప్పాడు గానీ, ఒక శుక్రవారం మధ్యాహ్నం కూర్చుని కొన్ని గంటల్లో మార్చేశాడు. ఎలుకతో ఒక అస్థిపంజరం మీద క్లిక్ చేస్తే తన మనిషి నడిచిపోయి దాన్ని ఒక్క దెబ్బకు పగలగొట్టాడు. ఆ క్షణమే ఇది సరైన దారి అని తెలిసిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు.

అంత తొందరగా ఎట్లా మారింది? వంతులు లోపల ఉన్నాయి కాబట్టి. డయాబ్లో లోపల ఆట సెకనుకు 20 సార్లు లెక్క వేసుకుంటది. వంతు పోలేదు, కంటికి కనపడనంత చిన్నదైపోయింది, అంతే. నడుముకు ఎనిమిది మందు సీసాలు పెట్టుకునే పట్టీ ఉంటది. ఏ సీసా ఎక్కడ పెట్టుకోవాలి, ఏ తలుపు దగ్గర నిలబడితే రాక్షసులు ఒక్కొక్కరే వస్తారు అనేది ముందే ఆలోచించుకోవాలి. ఆలోచన పోరాటంలో నుంచి పోరాటానికి ముందుకు జరిగింది. అందుకే డయాబ్లో అంటే ఒట్టి క్లిక్కులే అనే మాట సగమే నిజం. అయినా ఒక నష్టం ఉంది. ఒంటరిగా ఆడితే ఆపుకోవచ్చు గానీ, ఇంటర్నెట్‌లో ఇతరులతో కలిసి ఆడితే ఎవరి కోసమూ ఆగదు. దీని తర్వాత చాలా కంపెనీలు వంతుల ఆటలను పాతబడ్డ సరుకుగా చూడటం మొదలుపెట్టాయి.

స్పేస్ బార్ కాలం

1998 డిసెంబరులో కెనడాలోని బయోవేర్ వాళ్ళ బాల్డర్స్ గేట్ వచ్చింది. కంపెనీ పెట్టినవాళ్ళు డాక్టరు చదువు చదివినవాళ్ళు. మా రూములో సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ మీద ఇలాంటి పాత ఆటలే నడుస్తాయి, కొత్తవాటికి దాని బలం చాలదు. అందుకని దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పగలం.

ఆరుగురి గుంపు. ఆట ఆగకుండా నడుస్తది. స్పేస్ బార్ నొక్కితే మొత్తం గడ్డకడుతది. అప్పుడు ఒక్కొక్కరికీ పని చెప్పి మళ్ళీ నొక్కితే అందరూ ఒకేసారి కదులుతారు. లోపల డంజన్స్ అండ్ డ్రాగన్స్ రూల్సే, రౌండుకు 6 సెకన్లు, పాచికలు కంప్యూటరే వేసుకుంటది. మంత్రగాడు అగ్నిగోళం వేయాలంటే కాసేపు పడుతది. ఆ లోపల వాడికి బాణం తగిలితే మంత్రం చెడిపోతది. గోళం పడేలోపు మనవాళ్ళు ముందుకు పోతే వాళ్ళు కూడా కాలిపోతారు. కాబట్టి ఆపి ఆజ్ఞ ఇచ్చినా, నడిచేటప్పుడు ఏమవుతుందో ఊహించుకోవాలి. శత్రువు కనపడితే, మనవాళ్ళకు దెబ్బ తగిలితే దానంతటదే ఆగేటట్టు పెట్టుకునే వీలు కూడా ఇచ్చారు.

దీనికి మెచ్చుకోళ్ళు వచ్చాయి, పదేళ్లకు పైగా ఎంతోమంది ఈ పద్ధతినే పట్టుకున్నారు. కానీ దీంట్లో లోపం కూడా ఆడినవాళ్ళకు తెలుసు. చిన్న గొడవల్లో ఆపాల్సిన పనే లేదు, చూస్తూ ఉంటే అయిపోతది. పెద్ద గొడవల్లో రెండు సెకన్లకు ఒకసారి ఆపుతూనే ఉండాలి. ఆరుగురూ, పది మంది శత్రువులూ ఒకే చోట గుమిగూడితే ఎవరు ఎవరిని కొడుతున్నారో అర్థం కాదు. ఆట ఆగుతుంది గానీ, ఎప్పుడు ఆగాలో తేల్చుకోవడమే పెద్ద పనైపోతది.

ముందే రాసిపెట్టుకునే ఆలోచన

2006లో ఫైనల్ ఫాంటసీ 12 ఇంకో దారి చూపింది. అందులో గ్యాంబిట్లు అని ఉంటాయి. "మనవాళ్ళలో ఎవరి బలమైనా సగానికి తగ్గితే వైద్యం చెయ్యి", "గుంపు నాయకుడు కొట్టేవాడినే నువ్వూ కొట్టు" అని వరుసగా రూల్స్ రాసి పెట్టుకోవాలి. పోరాటంలో మనవాళ్ళు వాటిని పై నుంచి కిందికి చూసుకుంటూ తామే చేసుకుపోతారు. 2009లో బయోవేర్ వాళ్ళ డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో కూడా ఇలాంటి జాబితా ఉంది. కంప్యూటర్ సైన్స్ చదివే తమ్ముళ్లకు ఇది వెంటనే అర్థమైతది. ఇది చిన్న ప్రోగ్రాం రాయడమే. పోరాటం వేగంగా నడుస్తది, ఆలోచన అంతకు ముందే జరిగిపోయి ఉంటది.

ఇప్పుడు ఫోన్లలో వచ్చే చాలా ఆర్పీజీల్లో ఉండే ఆటో బటన్ చూడ్డానికి దీని లాగే కనపడుతది. కానీ తేడా ఉంది. గ్యాంబిట్‌లో రూలు మనం రాస్తాం. చాలా ఆటో బటన్లలో రూలు కంపెనీదే, మనం చూస్తూ కూర్చుంటాం. పైగా ఫోన్ ఆటల్లో చాలావాటిలో ఎనర్జీ అని ఒకటి ఉంటది. అది అయిపోతే గంటలు ఆగాలి, లేదంటే డబ్బు కట్టాలి. బల్ల మీద ఆలోచించుకోవడానికి ఫ్రీగా ఉన్న ఆగడం, ఇక్కడ మనకు అమ్మే సరుకైంది. చేతికీ పని లేదు, బుర్రకూ పని లేదు, జేబుకే పని. హాస్టల్ పిల్లలం ఈ ఒక్క తేడా చూసుకుంటే ఎన్నో రీచార్జులు మిగులుతాయి.

వేగంగా కనపడే నిదానం

2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్. జపాన్‌లోని ఫ్రమ్ సాఫ్ట్‌వేర్ తెచ్చింది, నడిపించింది హిదెతాకా మియాజాకి. కష్టమైన ఆటలని ప్రపంచమంతా పేరు. డార్క్ సోల్స్‌లో పాజ్ లేదు. సంచి తెరిచి చూస్తుంటే కూడా శత్రువు వస్తూనే ఉంటాడు. అంటే చేతి వేగం ఉన్నవాళ్ళ ఆటేనా?

కాదు. అందులో ఆకుపచ్చ గీత ఒకటి ఉంటది, స్టామినా. కత్తి తిప్పినా, దొర్లినా, డాలు మీద దెబ్బ ఆపినా అది తగ్గుతది. టపటపా కొట్టేవాడి గీత ఖాళీ అయిపోయి, శత్రువు దెబ్బ వచ్చేసరికి తప్పించుకోలేడు. ఒకసారి కత్తి ఎత్తితే ఆ ఊపు అయ్యేదాకా ఆపలేం. మందు తాగాలంటే కూడా నిలబడి తాగాలి. కాబట్టి ప్రతి బటనూ ఒక మాట ఇవ్వడం లాంటిది. శత్రువు ఎట్లా కదులుతాడో చూసి, రెండు దెబ్బల తర్వాత ఖాళీ ఇస్తాడని పట్టుకుని, ఆ ఖాళీలో ఒక్క దెబ్బ కొట్టి వెనక్కి రావాలి. పొలంలో పాము కనపడ్డప్పుడు పెద్దవాళ్ళు చేసేది ఇదే గదా. ముందు కదలకుండా చూస్తారు. ఆ చూడటం ఎప్పటి నుంచో నేర్చుకున్నది కాబట్టే ఆ క్షణంలో చెయ్యి తప్పదు. డార్క్ సోల్స్‌లో వంతు అనే మాట ఎక్కడా రాసి లేదు గానీ, వంతు ఉంది. శత్రువు కదలికలో దాచిపెట్టారు.

మళ్ళీ వెనక్కి

వంతుల కాలం అయిపోయింది అనుకున్నవాళ్ళ లెక్క తప్పింది. 2018లో వచ్చిన పిల్లర్స్ ఆఫ్ ఎటర్నిటీ 2 ఆపుతూ నడిపే పద్ధతిలోనే వచ్చింది. 2019లో దానికి వంతుల పద్ధతిని కూడా కలిపారు. పాత్‌ఫైండర్: కింగ్‌మేకర్ అనే ఆటకు ఆడేవాళ్ళే ముందు వంతుల పద్ధతిని తయారు చేసుకున్నారు, 2020లో కంపెనీ దాన్ని ఆటలోనే పెట్టింది. జపాన్‌లో యాకుజా సిరీస్ 2005 నుంచీ వీధి కొట్లాటల వేగం ఆట. 2020లో వచ్చిన ఏడో భాగంలో వంతులకు మారింది. కథలో హీరోకి డ్రాగన్ క్వెస్ట్ పిచ్చి, అందుకని కొట్లాటలన్నీ వాడికి అట్లా కనపడతాయట!

అన్నింటికంటే పెద్దది 2023 ఆగస్టులో జరిగింది. స్పేస్ బార్ పద్ధతికి పేరు తెచ్చిన బాల్డర్స్ గేట్‌కి మూడో భాగం వచ్చింది. చేసింది బెల్జియం కంపెనీ లేరియన్. ఊళ్ళు తిరిగేటప్పుడు ఆగకుండా నడుస్తది, కొట్లాట మొదలైతే పక్కాగా వంతులు. ఆ ఏడాది ది గేమ్ అవార్డ్స్‌లో ఉత్తమ గేమ్ అదే. కోట్ల ఖర్చుతో చేసిన ఆటలో ఆడేవాళ్ళు కూర్చుని ఆలోచించుకోరు అనే మాట దాంతో నిలబడలేదు.

ఇంకోవైపు కలుపుతూ పోయినవాళ్ళూ ఉన్నారు. 2020లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్‌లో మనమే పరిగెత్తి కత్తి తిప్పాలి. తిప్పేకొద్దీ గీత నిండుతది, నిండాక మెనూ తెరిస్తే కాలం నత్తలా నడుస్తది, అప్పుడు మంత్రం ఎంచుకోవచ్చు. క్లాసిక్ అని పెట్టుకుంటే కత్తి తిప్పే పని దానంతటదే జరుగుతది, మనం ఆలోచన మాత్రం చేస్తే చాలు. 2023లో 16వ భాగం పూర్తి వేగం ఆట అయ్యింది. కానీ అందులోనూ వేలికి పెట్టుకునే ఉంగరాలు ఇచ్చారు. ఒకటి పెట్టుకుంటే శత్రువు దెబ్బ తగిలే ముందు కాలం నెమ్మదిస్తది. 2025లో ఫ్రాన్స్ నుంచి వచ్చిన క్లేర్ ఆబ్‌స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33 తలకిందులు చేసింది. మన వంతులో ఎంతసేపైనా ఆలోచించుకోవచ్చు, శత్రువు వంతులో మాత్రం సరైన క్షణానికి బటన్ నొక్కి దెబ్బ తప్పించుకోవాలి. బుర్రకు ఒక వంతు, చేతికి ఒక వంతు.

మాకు అర్థమైంది

ఈ చరిత్ర అంతా వరసగా పెట్టి చూస్తే మా హాస్టల్ పంచాయితీలో ప్రశ్నే సరిగ్గా లేదు. వేగం గొప్పదా, ఆలోచన గొప్పదా అని కాదు అడగాల్సింది. మూడు అడగాలి. ఆట ఎప్పుడు ఆగుతుంది? ఆగితే ఏం పోతుంది? ఆ సంగతి ఆడేవాడికి ముందే చెప్పారా? రోగ్‌లో ఆగితే ఏమీ పోదు, తిరిగితే తిండి పోతది. ఫైనల్ ఫాంటసీలో ఆగితే దెబ్బ పడుతది, కావాలంటే వెయిట్ పెట్టుకోవచ్చు. డార్క్ సోల్స్‌లో ఆట ఆగదు, కానీ తొందరపడితేనే ఎక్కువ పోతది. ఫోన్ ఆటలో ఆగితే డబ్బు పోతది. మంచి ఆటలన్నీ ఈ మూడింటికీ నిజాయితీగా జవాబు చెప్పినవే, అవి వేగం ఆటలైనా, వంతుల ఆటలైనా.

ఇంకోటి. ఆటలో గడియారం ఆకాశం నుంచి ఊడిపడలేదు. డయాబ్లోలో ఓటు వేసి పెట్టారు. ఫైనల్ ఫాంటసీలో కారు రేసు చూసి పెట్టారు. పిల్లర్స్‌లో వచ్చాక కూడా మార్చారు. టైం అనేది ఒక రూలు, రూలు ఎవరో రాస్తారు.

ఇప్పుడు మొదట చెప్తామన్న సంగతి. మనలో చాలామందికి ఇంట్లో మాట కోయ, గోండి, కువి, సవర. బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. ఆన్‌లైన్ పరీక్షలో తెర మూలకు సెకన్లు పడిపోతుంటే, మనం ప్రశ్నను ఒక భాషలో చదివి, ఇంకో భాషలో అర్థం చేసుకుని, మళ్ళీ వెనక్కి తెచ్చుకుంటాం. మూడు మెనూలు తెరిచి మూసినట్టు. ఆ లోపల గీత నిండిపోతది. బయటికి వచ్చాక "మీ వాళ్ళు స్లో" అనే మాట వింటాం. వినీ వినీ మనమే మన తమ్ముళ్లను ఆ మాట అనేస్తున్నాం. మేక-పులి బండ దగ్గర ఎవరూ అనని మాట అది.

పరీక్షలో టైం వద్దని మేం అనడం లేదు. కొన్ని పనులకు వేగం కావాలి, నర్సింగ్ చదివే అక్కలను అడిగితే చెప్తారు. కానీ ఆ పరీక్ష కొలుస్తున్నది లెక్క వచ్చా రాదా అనా, ఇంగ్లీషు ఎంత తొందరగా చదువుతాడు అనా? రెండూ కలిపి ఒక్క మార్కు వేస్తే, ఆ మార్కు దేనిదో ఎవరికి తెలుసు? ఆటలు చేసేవాళ్ళు 1990ల్లోనే ఈ రెండింటినీ విడదీసి, చదివేంతసేపు కాలం ఆపే గడి పెట్టగలిగారు. ఇది అడగడం దయ అడగడం కాదు.

అప్పటిదాకా మన చేతిలో ఉన్నది డయాబ్లో పద్ధతి, గ్యాంబిట్ పద్ధతి. ఆలోచనను పరీక్షకు ముందుకు జరపడం. సబ్జెక్టులో వచ్చే ఇంగ్లీషు మాటలను ఇంటి భాషలో, తెలుగులో పక్కపక్కనే రాసుకుంటే, పరీక్ష హాల్లో తెరవాల్సిన మెనూలు తగ్గుతాయి. మా రూములో నలుగురం ఫిజిక్స్‌కి ఇట్లా ఒక నోటు బుక్కు పెట్టుకున్నాం. ఈ గ్రూపులో ఎవరైనా తమ సబ్జెక్టుకు రాస్తే కలుపుకుందాం.

రోగ్, విజార్డ్రీ చేసినవాళ్ళు మన వయసు వాళ్ళే, కాలేజీ పిల్లలే. మనవాళ్ళలో కూడా ఆట చేయాలనే కోరిక ఉన్నోళ్ళు ఉన్నారని మాకు తెలుసు. గోడో అనే ఇంజిన్ ఫ్రీగా దొరుకుతది. అది కూడా లేకపోతే గళ్ళ కాగితం, ఒక పాచిక చాలు. బొమ్మలు, కథ, ఆయుధాలు తర్వాత చూసుకోవచ్చు. మొదటి పేజీలో ఒక్క రూలు రాసి మాకు పంపండి: ఆడేవాడు ఆలోచించుకుంటూ ఏమీ చేయకుండా కూర్చుంటే, మీ ఆటలో శత్రువు ఏం చేస్తాడు?